రిమోట్ ల్యాబ్‌కి వీపీఎన్ ఒక్కటే సరిపోతుందా?

మేడం, మీ ప్రశ్నని ముందు నాలుగు మాటల్లో చెప్పి జవాబులోకి వెళ్తాను. ఇదే పనిలో ఉన్న మిగతా కాలేజీల వాళ్లకీ అర్థమవుతుంది. మీది హైదరాబాద్ శివార్లలోని ఇంజనీరింగ్ కాలేజీ, ఈఈఈ డిపార్ట్‌మెంట్. కరోనా టైంలో ల్యాబ్ పీసీకి రిమోట్ డెస్క్‌టాప్ పెట్టి పిల్లల చేత ఎలాగోలా ప్రయోగాలు చేయించారు. ఇప్పుడు మేనేజ్‌మెంట్ వాళ్లు దాన్నే పెద్దది చేసి 24 గంటలూ ఇంటి నుంచి చేసుకునేలా రిమోట్ ల్యాబ్ పెట్టమంటున్నారు. మీ దగ్గర మైక్రోకంట్రోలర్ బోర్డులు, ఒక డీసీ షంట్ మోటార్ సెట్, పీఎల్‌సీ (యంత్రాల్ని నడిపే పారిశ్రామిక కంట్రోలర్)తో నడిచే నీళ్ల ట్యాంకు లెవల్ కంట్రోల్ సెట్ ఉన్నాయి. వీపీఎన్ (బయటి నుంచి కాలేజీ నెట్‌వర్క్‌లోకి తాళం ఉన్న దారి) పెట్టేస్తే సెక్యూరిటీ పని అయిపోయినట్టేనని సిస్టమ్ అడ్మిన్ గారు అంటున్నారు. అది నిజమా, ఉన్న కొద్ది బడ్జెట్‌లో దేనికి ముందు ఖర్చు పెట్టాలి అని అడిగారు.

వీపీఎన్ ఒక్కటే సరిపోదు. అది బయటివాళ్లని ఆపుతుంది, అంతవరకే. రిమోట్ ల్యాబ్‌లో సామాను పాడయ్యేది ఎక్కువగా లోపలికి రావడానికి హక్కున్న స్టూడెంట్ పంపే కమాండ్ వల్ల, అదీ చాలాసార్లు తెలియక పంపిన కమాండ్ వల్ల. పాస్‌వర్డ్ సరైనదే, లాగిన్ సరైనదే, మనిషీ మనవాడే. అయినా మోటార్ కాలిపోతుంది. ఆ మోటార్‌ని ఏ వీపీఎన్ కాపాడదు.

మామూలు ల్యాబ్ ఎలా నడుస్తుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పిల్లలు కనెక్షన్లు ఇస్తారు. ల్యాబ్ అసిస్టెంట్ వచ్చి ఒక్కో వైరూ వేలితో పట్టుకుని చూస్తాడు. ఫీల్డ్ (మోటార్‌లో అయస్కాంత క్షేత్రం ఇచ్చే చుట్ట) రియోస్టాట్ మినిమమ్‌లో ఉందా, ఆర్మేచర్ (తిరిగే భాగం) రియోస్టాట్ మ్యాక్సిమమ్‌లో ఉందా, అమ్మీటర్ ప్లస్ మైనస్ సరిగ్గా ఉన్నాయా అని చూసి, అప్పుడు సప్లై ఇవ్వమంటాడు. కాలిన వాసన వస్తే పరిగెత్తుకెళ్లి మెయిన్ దించేస్తాడు. ఎవరు ఏ టేబుల్ దగ్గరున్నారో, ఎవరు పక్కవాళ్ల రీడింగులు ఎక్కించుకుంటున్నారో అతనికి తెలుసు. ఇన్నేళ్లూ మన ల్యాబుల సెక్యూరిటీ అంతా ఆ ఒక్క మనిషే. రిమోట్ చేసినప్పుడు ఆ మనిషి ఉండడు, టేబుల్ మాత్రం అలాగే ఉంటుంది, దాని స్విచ్ ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. కాబట్టి అతను చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కో పనినీ ఒక ఫ్యూజుకో, రిలేకో, ప్రోగ్రాముకో, రూలుకో అప్పగించాలి. ఎవరికీ అప్పగించకుండా మిగిలిపోయిన పని ఏదైతే ఉంటుందో, ప్రమాదం అక్కడి నుంచే వస్తుంది.

స్వీడన్‌లోని బ్లెకింగె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో తయారైన విజిర్ అనే రిమోట్ ల్యాబ్ ఈ పని ఎంత బాగా చేసిందో చూడండి. స్టూడెంట్ స్క్రీన్ మీద బ్రెడ్‌బోర్డ్ వైరింగ్ చేస్తాడు, అక్కడ ల్యాబ్‌లో రిలేల మ్యాట్రిక్స్ అదే సర్క్యూట్‌ని నిజంగా కలుపుతుంది. అయితే కలిపే ముందు, టీచర్ రాసిపెట్టిన అనుమతుల జాబితాతో ఆ సర్క్యూట్‌ని సరిచూస్తుంది. జాబితాలో ఇమడకపోతే ఒక్క రిలే కూడా కదలదు. చేయకూడనివి రాయాలంటే జాబితా ఎక్కడా ఆగదు, చేయొచ్చు అన్నవి రాస్తే ఒక పేజీలో అయిపోతుంది. మీ సెట్లన్నిటికీ ఇదే పద్ధతి పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ మొదటి నుంచీ రాసుకోవాల్సిన పని కూడా లేదు. స్పెయిన్‌లోని డ్యూస్టో యూనివర్సిటీ వాళ్ల వెబ్‌ల్యాబ్-డ్యూస్టో ఓపెన్ సోర్స్‌గానే ఉంది. వాడినా వాడకపోయినా స్లాట్లు, క్యూలు వాళ్లు ఎలా నడిపించారో చూస్తే చాలా సమయం కలిసొస్తుంది.

ఇంకో మాట. ప్రతి ప్రయోగానికీ నిజం హార్డ్‌వేర్ అవసరమా అని ముందు తేల్చుకోండి. ఐఐటీ ఢిల్లీ ఆధ్వర్యంలో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, ఐఐటీ బాంబే, అమృత లాంటి సంస్థలు కలిసి చేసిన వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి, ఖర్చు లేదు, ఎక్కువ భాగం సిమ్యులేషన్లే. థియరీ అర్థం కావడానికి చేసే ప్రయోగాలు అక్కడికి పంపేయండి. సిమ్యులేషన్‌లో కాలిపోయేది ఏదీ లేదు. నిజమైన నాయిస్, నిజమైన ఫ్రిక్షన్ చూస్తేనే అర్థమయ్యే ప్రయోగాలకే మీ టేబుళ్లు వాడండి. తలుపులు ఎంత తక్కువగా ఉంటే కాపలా అంత తేలిక.

ఇక మోటార్ సెట్. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

షంట్ మోటార్ తిరుగుతుండగా ఫీల్డ్ సర్క్యూట్ తెగితే ఏమవుతుందో మీరు ఏటా క్లాసులో చెబుతారు. ఫ్లక్స్ (అయస్కాంత బలం) దాదాపు రెసిడ్యువల్ స్థాయికి పడిపోతుంది, బ్యాక్ ఈఎంఎఫ్ (కరెంట్‌ని అదుపులో ఉంచే ఎదురు వోల్టేజ్) పడిపోతుంది, ఆర్మేచర్ కరెంట్ ఎగబాకుతుంది, లోడ్ లేకపోతే స్పీడు అదుపు తప్పుతుంది. అందుకే త్రీ పాయింట్ స్టార్టర్‌లో (మోటార్‌ని మెల్లగా స్టార్ట్ చేసే హ్యాండిల్ పెట్టె) నో-వోల్ట్ కాయిల్‌ని ఫీల్డ్‌తో సిరీస్‌లో పెట్టారు. ఫీల్డ్ తెగితే కాయిల్‌లో కరెంట్ పోతుంది, స్ప్రింగు హ్యాండిల్‌ని వెనక్కి లాగేస్తుంది, మోటార్ ఆగిపోతుంది. ఏ ప్రోగ్రామూ లేని సెక్యూరిటీ అది. రిమోట్ చేసేటప్పుడు మనవాళ్లు మొట్టమొదట తీసేసేది ఆ స్టార్టర్‌నే, ఎందుకంటే హ్యాండిల్ తిప్పడానికి అక్కడ మనిషి లేడు. దాని స్థానంలో కాంటాక్టర్లు (పెద్ద కరెంట్‌ని కలిపి తెంచే రిలేలు), ఒక చవక రిలే బోర్డు, దాని వెనక ఒక ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్) పెడతారు. బయటికి చూస్తే ప్రయోగం ముందులాగే నడుస్తుంది. కానీ ఫీల్డ్ తెగినప్పుడు ఆపే ఏర్పాటు పోయిందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

కాబట్టి ఫీల్డ్ కరెంట్‌ని చూసే రిలే ఒకటి విడిగా పెట్టించండి. దాని కాంటాక్ట్ మెయిన్ కాంటాక్టర్ కాయిల్‌తో సిరీస్‌లో ఉండాలి. ఓవర్‌స్పీడ్‌కి షాఫ్ట్ మీద సెంట్రిఫ్యూగల్ స్విచ్, ఆర్మేచర్‌కి ఓవర్‌లోడ్ రిలే, వీటి కాంటాక్ట్‌లు కూడా అదే సిరీస్‌లో రావాలి. ఈ గొలుసులో ఎక్కడా సాఫ్ట్‌వేర్ ఉండకూడదు. వెబ్ పేజీ, సర్వర్, ఈఎస్‌పీ32 మూడూ కలిసి 'నడవనీ' అన్నా, ఈ గొలుసు 'వద్దు' అంటే మోటార్ ఆగాలి. సర్వర్‌ని ఎవరైనా హ్యాక్ చేసినా అప్పుడు పోయేది సర్వరే, మోటార్ కాదు.

2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే మాల్వేర్ గురించి మీ పిల్లలు వినే ఉంటారు. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రంలో యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌ల వేగాన్ని అది మార్చేస్తుంటే, కంట్రోల్ రూములో ఉన్నవాళ్లకి మాత్రం స్క్రీన్ మీద అంతా మామూలుగానే కనిపించింది. మన టేబుల్‌కి ఇందులో పనికొచ్చే విషయం ఉంది. స్క్రీన్‌కి రీడింగ్ పంపే సెన్సరూ, రక్షణకి వాడే సెన్సరూ ఒకటే కాకూడదు. టాకో (స్పీడు కొలిచే సెన్సర్) రీడింగ్‌ని చదివే కోడే స్పీడు లిమిట్‌ని కూడా చూస్తుంటే, ఆ కోడ్ తప్పు చదివిన రోజు రెండూ ఒకేసారి పోతాయి.

రిలే బోర్డుల విషయంలో ఒక చిన్న పరీక్ష చేయించండి. ఈఎస్‌పీ32 రీబూట్ అయ్యే క్షణంలో కొన్ని పిన్నుల స్థితి దానంతటదే మారుతుంది. ఆ పిన్నుకి రిలే కట్టి ఉంటే, ఎవరూ కమాండ్ ఇవ్వకుండానే 'టక్' మంటుంది. మోటార్ సప్లై తీసేసి, బోర్డుని పదే పదే రీసెట్ చేస్తూ పక్కనే నిలబడి వినండి. ఒక్కసారి చప్పుడు వచ్చినా ఆ పిన్ను మార్చాల్సిందే.

అలాగే కనెక్షన్ తెగడం. స్టూడెంట్ బస్సులో కూర్చుని ఫోన్‌లో ప్రయోగం చేస్తుంటాడు, సిగ్నల్ పోతుంది. 'ఆపు' అన్న కమాండ్ వస్తేనే ఆగేలా రాసి ఉంటే మోటార్ తిరుగుతూనే ఉంటుంది. దీన్ని తిరగేయాలి. 'నేనున్నాను' అన్న సంకేతం బ్రౌజర్ నుంచి క్షణక్షణం వస్తున్నంత సేపే మోటార్ తిరగాలి, అది ఆగిన కొద్ది సెకన్లలో దానంతటదే ఆగిపోవాలి. కరెంట్ పోయి జనరేటర్ అందుకున్నప్పుడు కూడా మోటార్ సొంతంగా మళ్లీ స్టార్ట్ కాకూడదు. పాత స్టార్ట్-స్టాప్ పుష్ బటన్ సర్క్యూట్‌లో ఉండే హోల్డింగ్ కాంటాక్ట్ ఈ పనికి చాలు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలివాన వస్తే కరెంట్ ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు తెలుసు కదా.

నీళ్ల ట్యాంకుకి ఇంత కథ లేదు. పైన ఒక ఫ్లోట్ స్విచ్, అది నేరుగా పంపు సప్లైని తెంచాలి. కింద ఇంకోటి, పంపు పొడిగా తిరగకుండా. పీఐడీ (లెవల్‌ని సరిదిద్దే కంట్రోల్ లెక్క) విలువలు ఎంత పిచ్చిగా ఇచ్చినా నీళ్లు నేల మీదికి రావు.

మైక్రోకంట్రోలర్ బోర్డులు ప్రాణానికి ప్రమాదం కాదు కానీ, సెక్యూరిటీ కోణంలో చూస్తే అసలు పని ఇక్కడే ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ స్టూడెంట్ పంపేది ఒక నంబరు కాదు, తనకి నచ్చిన ప్రోగ్రామ్ మొత్తం.

ముందుగా కంపైల్ చేసే సర్వర్. స్టూడెంట్ కోడ్ పంపుతాడు, సర్వర్ కంపైల్ చేసి బోర్డులోకి ఎక్కిస్తుంది. మామూలు పనే అనిపిస్తుంది. కానీ ఆ కోడ్‌లో హెడర్ ఫైల్ పేరు ఉండాల్సిన చోట, లినక్స్ యూజర్ల జాబితా ఉండే ఫైల్ పేరు రాసి ఇన్‌క్లూడ్ చేస్తే ఏమవుతుంది? కంపైలర్ ఆ ఫైల్ తెరుస్తుంది, అది సీ కోడ్ కాదు కాబట్టి ఎర్రర్ ఇస్తుంది, ఆ ఎర్రర్‌లో ఫైల్లోని లైన్ కూడా చూపిస్తుంది. మన వెబ్ పేజీ ఆ ఎర్రర్‌ని భద్రంగా స్టూడెంట్ స్క్రీన్ మీద పెడుతుంది. అదే పద్ధతిలో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగరేషన్ ఫైల్‌నీ చదవొచ్చు. ఇందులో హ్యాకింగ్ టూల్ ఏదీ లేదు, ఒక్క లైన్ కోడ్ అంతే. సీ ప్లస్ ప్లస్ టెంప్లేట్లతో కంపైలర్ మెమరీ మొత్తం తినేసే కోడ్ రాయడం కూడా కష్టం కాదు, అప్పుడు క్లాసు మొత్తానికి ల్యాబ్ ఆగిపోతుంది.

అందుకని ప్రతి కంపైల్‌నీ ఒక విడి కంటైనర్‌లో (మిగతా సిస్టమ్‌ని తాకనివ్వకుండా ప్రోగ్రామ్ నడిపే గది లాంటిది) నడపండి. దానికి నెట్‌వర్క్ ఉండకూడదు, రూట్ హక్కులు ఉండకూడదు, మెమరీకీ సమయానికీ హద్దు ఉండాలి, పని కాగానే అది చెరిగిపోవాలి. పాస్‌వర్డులు ఉన్న మెషీన్ వేరే, కంపైల్ చేసే మెషీన్ వేరే. రెండు కొత్త కంప్యూటర్లు కొనే స్తోమత లేకపోతే, ఉన్న ఒక్కదాంట్లోనే రెండు వర్చువల్ మెషీన్లు పెట్టుకున్నా నయమే.

తర్వాత బోర్డు సంగతి. చిప్‌ని తిరిగి బాగు చేయలేనట్టు పాడు చేసే దారులు ఒక్కో చిప్‌లో ఒక్కోలా ఉంటాయి. ఏవీఆర్ చిప్‌ని (ఆర్డినో యూనోలో ఉండే రకం) ఐఎస్‌పీ ప్రోగ్రామర్‌తో (చిప్‌కి నేరుగా తగిలించి రాసే పరికరం) నడిపిస్తే ఫ్యూజ్ బిట్లు (చిప్ మూల సెట్టింగులు) మార్చొచ్చు. రీసెట్ పిన్నుని డిసేబుల్ చేసే బిట్ పడిందంటే హై వోల్టేజ్ ప్రోగ్రామర్ లేకుండా అది మళ్లీ లేవదు. ఎస్‌టీఎం32 కుటుంబంలో చాలా చిప్పులకి రీడౌట్ ప్రొటెక్షన్ (లోపలి కోడ్‌ని బయటికి చదవనివ్వని తాళం) లెవల్ 2 ఒకసారి పెడితే ఇక వెనక్కి రాదు. ఈఎస్‌పీ32లో ఈఫ్యూజులు (ఒకసారి మారిస్తే తిరిగిరాని బిట్లు) ప్రోగ్రామ్ నుంచే కాల్చొచ్చు. కాబట్టి స్టూడెంట్ చేతికి ప్రోగ్రామర్ కమాండ్ లైన్ నేరుగా ఇవ్వకండి. అతని నుంచి కోడ్ మాత్రమే తీసుకోండి, ఎక్కించే కమాండ్ సర్వరే తయారు చేసుకోవాలి. మొదటి సెమిస్టర్‌కి నేనైతే ఆర్డినో యూనో ఎంచుకుంటాను, అందులోనూ చిప్ సాకెట్‌లో కూర్చునే డిప్ రకం. బూట్‌లోడర్ (కొత్త కోడ్‌ని లోపలికి తీసుకునే చిన్న ప్రోగ్రామ్) ద్వారా ఎక్కించినంత కాలం ఫ్యూజ్ బిట్ల జోలికి వెళ్లలేరు. చిప్ పోయినా కోఠీ గుజరాతీ గల్లీలో ఒకటి కొనుక్కొచ్చి, బూట్‌లోడర్ ఎక్కించి సాకెట్‌లో పెడితే టేబుల్ మళ్లీ నడుస్తుంది.

అరుగుదల లెక్క కూడా వేసుకోండి. ఆ బోర్డులోని ఏటీమెగా328పీ చిప్ ఫ్లాష్‌కి (ప్రోగ్రామ్ ఉండే మెమరీ) తయారీదారు చెప్పే ఆయుష్షు 10,000 రాతలు. రోజుకి 100 అప్‌లోడ్లు అయితే 100 రోజుల్లో ఆ సంఖ్య వచ్చేస్తుంది, అంటే సుమారు ఒక సెమిస్టర్. ఈఈప్రామ్‌కి (కరెంట్ పోయినా విలువలు నిలిచే చిన్న మెమరీ) 1,00,000 రాతలు. ఒక్కో రాతకి సుమారు 3.3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, లూప్‌లో ఒకే చోట రాస్తూ పోయే ప్రోగ్రామ్ అయిదున్నర నిమిషాల్లో ఆ చోటు ఆయుష్షు తీర్చేస్తుంది. చాలామంది పిల్లలు ఈ తప్పు కావాలని చేయరు, 'రాయి' అన్న లైన్‌ని సెటప్‌లో పెట్టాల్సింది లూప్‌లో పెడతారు. మామూలు ల్యాబ్‌లో ఇది బయటపడే లోపు బోర్డు ఆఫ్ అవుతుంది. రిమోట్‌లో రాత్రంతా నడుస్తుంది. స్లాట్ అయిపోగానే బోర్డులోకి ఖాళీ ప్రోగ్రామ్ ఎక్కించే ఏర్పాటు పెడితే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది. ముందు కూర్చున్న స్టూడెంట్ కోడ్ తర్వాతి స్టూడెంట్‌కి కనిపించకుండానూ ఉంటుంది.

పిన్నులకి సిరీస్‌లో 470 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టండి. 5 వోల్టుల దగ్గర రెండు అవుట్‌పుట్లు ఎదురెదురు తగిలినా కరెంట్ 11 మిల్లీ ఆంప్స్ దాటదు, పిన్ను తట్టుకోగలిగే 40కి చాలా కింద. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత రక్షణ ఈ ల్యాబ్ మొత్తంలో ఇంకెక్కడా దొరకదు.

బోర్డు ఎంపికలో నేను యూనో అనడానికి ఇంకో కారణం ఉంది. లియొనార్డో, ఇంకా సొంత యూఎస్‌బీ ఉన్న కొత్త చిప్పులు చాలావరకు, స్టూడెంట్ ప్రోగ్రామ్ చెబితే కీబోర్డుగా మారిపోగలవు. అంటే టేబుల్ దగ్గర ఉన్న పీసీకి ఆ బోర్డు ఒక కీబోర్డులా కనిపిస్తుంది, అక్కడ లాగిన్ అయి ఉన్న విండోస్ డెస్క్‌టాప్ మీద కమాండ్లు టైప్ చేస్తుంది. ఫైర్‌వాల్ దీన్ని చూడను కూడా చూడలేదు, ఎందుకంటే ఇది నెట్‌వర్క్ నుంచి రావడం లేదు, యూఎస్‌బీ వైరు నుంచి వస్తోంది. యూనోలో యూఎస్‌బీ పని వేరే చిప్ చూసుకుంటుంది కాబట్టి స్టూడెంట్ కోడ్ ఆ పని చేయలేదు. కొత్త బోర్డులే కావాలంటే, టేబుల్ పీసీలో లినక్స్ పెట్టి, స్క్రీన్ మీద ఎవరూ లాగిన్ అయి ఉండకుండా చూసి, యూఎస్‌బీగార్డ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో సీరియల్ పోర్ట్ తప్ప వేరే పరికరం ఏదీ ఒప్పుకోకుండా చేయండి.

ఇప్పుడు నెట్‌వర్క్. కరోనా టైంలో రౌటర్‌లో తెరిచిన రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ ఇంకా తెరిచే ఉంటే, ఈ జవాబు చదవడం ఆపి ముందు అది మూయించండి. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్ట్ కోసం ప్రపంచంలో ఎక్కడో ఒకచోట నుంచి స్కానింగ్ ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది, నంబరు మార్చినా వాళ్లు కనుక్కుంటారు. 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపంతో పాస్‌వర్డ్ లేకుండానే పాత విండోస్‌లోకి వెళ్లొచ్చని తేలింది. మన ల్యాబుల్లో విండోస్ 7 మెషీన్లు ఇంకా ఉన్నాయి, వాటికి సపోర్ట్ 2020 జనవరిలోనే ఆగింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. పాత సాఫ్ట్‌వేర్ కోసం ఆ మెషీన్ తప్పదంటే ఉంచండి, ఇంటర్నెట్‌కి మాత్రం దాన్ని చూపించకండి.

పీఎల్‌సీ సంగతీ అంతే. పీఎల్‌సీలతో మాట్లాడడానికి వాడే మోడ్‌బస్ 1979 నాటి ప్రోటోకాల్. మామూలు మోడ్‌బస్ టీసీపీలో పాస్‌వర్డ్ అన్న ఆలోచనే లేదు. 502 పోర్ట్‌కి చేరగలిగిన ఎవరైనా రిజిస్టర్ మార్చగలరు. ఎంక్యూటీటీ (పరికరాలు టాపిక్‌ల వారీగా మెసేజ్‌లు పంచుకునే పద్ధతి) వాడుతుంటే, అనుమతులు సరిగ్గా పెట్టకపోతే ఒక స్టూడెంట్ హ్యాష్ గుర్తుతో సబ్‌స్క్రైబ్ అయి అన్ని టేబుళ్ల మెసేజ్‌లూ చూడగలడు. ప్రతి టేబుల్‌కీ వేరే యూజర్, తన టాపిక్ మాత్రమే, కనెక్షన్ టీఎల్ఎస్‌లో (ఎన్‌క్రిప్ట్ చేసి). కెమెరాల డిఫాల్ట్ పాస్‌వర్డులు కూడా మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ అరవై దాకా డిఫాల్ట్ పాస్‌వర్డులు వరుసగా ప్రయత్నించి లక్షల కొద్దీ కెమెరాల్నీ రౌటర్లనీ పట్టేసింది. రాస్ప్‌బెర్రీ పై వాడుతుంటే, 2022 ఏప్రిల్ తర్వాత వచ్చిన ఇమేజ్‌లలో డిఫాల్ట్ యూజర్ తీసేశారు, పాత ఎస్‌డీ కార్డుల్లో మాత్రం అది ఇంకా ఉంటుంది.

వీపీఎన్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. స్టూడెంట్లకి వీపీఎన్ ఇవ్వకండి, స్టాఫ్‌కి ఇవ్వండి. స్టూడెంట్ ల్యాప్‌టాప్‌లో ఏ వైరస్ ఉందో మనకి తెలియదు. వీపీఎన్ ఇచ్చామంటే ఆ ల్యాప్‌టాప్‌ని తెచ్చి ల్యాబ్ స్విచ్‌కి వైరు పెట్టినట్టే. స్టూడెంట్‌కి కావాల్సింది ఒక వెబ్ పేజీ: వీడియో, నాలుగు బటన్లు, ఒక గ్రాఫ్. బయటికి కనిపించేది 443 పోర్ట్‌లో (https వాడే పోర్ట్) ఆ ఒక్క గేట్‌వేనే (ఆ పేజీని చూపించి లోపలికి దారి ఇచ్చే సర్వర్) అయి ఉండాలి. డెస్క్‌టాప్ మొత్తం చూపించక తప్పదనుకుంటే అపాచీ గ్వాకమోలీ ఉంది, ఉచితం, బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. గేట్‌వే వెనక ఒక్కో టేబుల్‌కీ ఒక్కో వీల్యాన్ (స్విచ్‌లోనే విడదీసిన నెట్‌వర్క్). టేబుళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడకూడదు, బయట ఇంటర్నెట్‌కి వెళ్లకూడదు, ఫీజులూ మార్కులూ ఉండే ఆఫీసు నెట్‌వర్క్ వైపు అసలు తొంగి చూడకూడదు. మీ సిస్టమ్ అడ్మిన్ గారు చెప్పింది తప్పు కాదు, ఆయన చెప్పిన తాళం స్టాఫ్ తలుపుకి సరిగ్గా సరిపోతుంది.

లాగిన్ల దగ్గర ఎక్కువ కాలేజీల్లో చూసేది ఒకటే: బ్యాచ్ మొత్తానికి ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, అది క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో పిన్ చేసి ఉంటుంది. అప్పుడు ఏదైనా జరిగితే ఎవరు చేశారో చెప్పడానికి ఆధారం ఉండదు, పాసై వెళ్లిపోయిన సీనియర్లకి కూడా దారి తెరిచే ఉంటుంది. కాలేజీ ఈమెయిల్‌తోనే లాగిన్ పెట్టండి, రెండో దశ వెరిఫికేషన్ ఆన్ చేయించండి. స్లాట్ పద్ధతి పెట్టినప్పుడు ఒక లోపం చాలా చోట్ల మిగిలిపోతుంది. స్లాట్ అయిపోగానే టోకెన్ (లాగిన్ అనుమతి చీటీ) గడువు తీరుతుంది, కానీ బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య అప్పటికే తెరిచి ఉన్న వెబ్‌సాకెట్ కనెక్షన్‌ని ఎవరూ తెంచరు. పాత స్టూడెంట్ ట్యాబ్ మూయకుండా కూర్చుంటే, కొత్త స్టూడెంట్ స్లాట్‌లో కూడా అతని కమాండ్లు వెళ్తూనే ఉంటాయి. మీరే ఇద్దరు స్టూడెంట్లలా రెండు బ్రౌజర్లు తెరిచి ఇది పరీక్షించండి. ఐపీ అడ్రస్‌ని బట్టి బ్లాక్ చేసే నియమాలు మాత్రం పెట్టకండి. మొబైల్ నెట్‌వర్క్‌లలో చాలామంది ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటారు. ఒకరిని ఆపబోతే హాస్టల్‌లో సగం మంది ఆగిపోతారు.

కాపీ కొట్టడం గురించి మీరు అడగలేదు గానీ, మేనేజ్‌మెంట్ అడుగుతుంది. ముఖం చూసే ప్రోక్టరింగ్ సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లొద్దని నా విన్నపం. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ ఉండే ఇళ్ల నుంచి, నలుగురైదుగురు ఉండే హాస్టల్ రూముల నుంచి పిల్లలు ల్యాబ్ చేస్తారు. వాళ్ల ఇల్లు మనం చూడాల్సిన పని లేదు. నిజం హార్డ్‌వేర్ రీడింగులకి ఒక సుగుణం ఉంది: నాయిస్ వల్ల ఏ ఇద్దరి రీడింగులూ చివరి అంకె దాకా ఒకేలా రావు. సర్వర్‌లో నమోదైన రీడింగులూ, రికార్డులో రాసిన రీడింగులూ పక్కపక్కన పెడితే చాలు, మిగతాది వైవాలో తేలిపోతుంది.

కెమెరా మీటర్లనీ షాఫ్ట్‌నీ మాత్రమే చూడాలి. మైక్ తీసేయండి, ల్యాబ్‌లో నడిచే మనుషులు ఫ్రేములోకి రాకుండా తిప్పండి. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లు పిల్లల కిందే లెక్క, వాళ్ల డేటాకి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. బీటెక్ మొదటి సంవత్సరంలో పదిహేడేళ్ల వాళ్లు ఉంటారు. పాలిటెక్నిక్ పిల్లలకి కూడా ల్యాబ్ ఇస్తే చెప్పనక్కర్లేదు. రోల్ నంబర్, కాలేజీ ఈమెయిల్ తప్ప ఇంకేమీ తీసుకోకండి. ఆధార్, ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ ల్యాబ్‌కి ఎందుకు?

లాగ్‌లలో ఎవరు, ఎప్పుడు, ఏ టేబుల్, ఏ కమాండ్, ఏ ప్రోగ్రామ్ అన్నవి ఉండాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సైబర్ ఘటనని 6 గంటల్లో తెలపాలని, లాగ్‌లు 180 రోజులు ఉంచాలని, గడియారాలు సరిగ్గా సింక్ చేయాలని ఉంది. కాలేజీకి ఇది వర్తిస్తుందా లేదా అన్న చర్చ పెట్టుకోకుండా ఆ కొలతనే పాటించండి. గడియారం మాట ఎందుకంటే, రాస్ప్‌బెర్రీ పై 4 దాకా బోర్డుల్లో బ్యాటరీ గడియారం లేదు. కరెంట్ పోయి వచ్చాక నెట్ అందకపోతే తప్పు టైం రాసేస్తుంది, ఆ లాగ్ దేనికీ పనికిరాదు.

ల్యాబ్ తెరిచిన మొదటి వారంలోనే ఎవరో ఒక స్టూడెంట్ లోపం ఒకటి కనిపెడతాడు. ఐటీ చట్టంలో అనుమతి లేని చొరబాటుకి వర్తించే 43, 66 సెక్షన్లు ఉన్నాయని వాళ్లకి చెప్పండి, అది వాళ్ల మేలు కోసమే. కానీ అదే పేజీలో, లోపం కనిపిస్తే ఎవరికి రాయాలో, ఎంతవరకు పరీక్షించొచ్చో, రాసినందుకు శిక్ష ఉండదనీ కూడా రాయండి. దాని మీద హెచ్‌ఓడీ సంతకం ఉండాలి. నిజాయితీగా వచ్చి చెప్పిన పిల్లాడిని సస్పెండ్ చేస్తే, తర్వాత కనిపెట్టేవాడు మీ దగ్గరికి రాడు.

డబ్బు విషయానికొస్తే, మొదటి రూపాయి మోటార్ రక్షణ రిలేలకీ, ఫ్లోట్ స్విచ్‌లకీ, రెసిస్టర్లకీ. రెండోది మేనేజ్డ్ స్విచ్‌కి, అది లేకపోతే వీల్యాన్లు లేవు. గేట్‌వేకి పాత డెస్క్‌టాప్ ఒకటి చాలు, సాఫ్ట్‌వేర్ అంతా ఉచితంగా దొరికేదే. ఖరీదైన ఫైర్‌వాల్ పెట్టె కోసం కొటేషన్లు వస్తే ఈ ఏడాదికి పక్కన పెట్టండి.

24 గంటల సంగతి. మైక్రోకంట్రోలర్ బోర్డులు రాత్రింబవళ్లు నడపండి. సాయంత్రం కాలేజీ బస్సు తప్పితే ఇల్లు చేరలేని అమ్మాయిలకీ, పగలు పని చేసుకుంటూ చదివే వాళ్లకీ ల్యాబ్ నిజంగా అందేది ఆ రాత్రి గంటల్లోనే. మోటార్ సెట్‌ని మాత్రం బిల్డింగ్‌లో మీ డిపార్ట్‌మెంట్ మనిషి ఒకరు ఉన్న వేళల్లోనే ఆన్ చేయండి. మెయిన్ ఎక్కడుందో, ఎలా దించాలో ఆ మనిషికి తెలిసి ఉండాలి. సెక్యూరిటీ గార్డుకి కూడా ఒకసారి చూపించండి. ట్యాంకు సెట్‌ని మొదటి నెల మోటార్ వేళల్లోనే నడిపి చూసి, ఫ్లోట్ స్విచ్ పనితీరు నమ్మకం కలిగాక రాత్రికి మార్చుకోవచ్చు. మీ రిలే బోర్డు ఏ రకమో, మోటార్ రేటింగ్ ఎంతో ఇక్కడ రాస్తే ఇంటర్‌లాక్ సర్క్యూట్ గీసి పెడతాను.